ముప్పై అయిదు, ముప్పై అయిదు

ఆ ఓటు చెల్లదని చెప్పింది గుమాస్తాయే. బల్ల దగ్గరున్న మిగతా ఇద్దరూ దాన్ని చూడనే లేదు. ఒక పరిశీలకుడు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. రెండో ఆయన కాగితం మీదికి వంగి అప్పటిదాకా వచ్చిన ఓట్లు కూడుకుంటున్నాడు. గుమాస్తా కవరు అంచు కత్తిరించి లోపలి కాగితం మడత విప్పాడు. నర్సమ్మ పేరుకి ఎదురుగా గడిలో టిక్కు స్పష్టంగా ఉంది. దాని కింద, నల్లసిరాతో, చివర రెండు గీతలు గీసి మరీ పెట్టిన సంతకం అంతకన్నా స్పష్టంగా ఉంది.

ఓటు వేసింది ఎవరో తెలిసేలా ఏ గుర్తు ఉన్నా ఆ ఓటు చెల్లదు. పన్నెండేళ్ళ క్రితం ఒక పెద్దమనిషి, తనకే వేశారని రుజువు కావాలంటూ, ఓటు కాగితం మూల పొడి అక్షరాలు రాయమని జనం వెంటపడ్డాడు. అప్పుడు ఆ నిబంధన రాసింది గుమాస్తా. ఇప్పుడు కాగితాన్ని పక్కకి జరిపి, "ఇది చెల్లదండీ," అన్నదీ గుమాస్తాయే. వేడిగిన్నె తగిలితే చెయ్యి వెనక్కి వచ్చినట్టు జరిగిపోయిందది. ఆలోచించి చేసింది కాదు.

మొత్తం డెబ్బై ఒక్క కవర్లు. కాంట్రాక్టరుకి ముప్పై అయిదు, నర్సమ్మకి ముప్పై అయిదు, చెల్లనిది ఒకటి. రెండోసారి లెక్కపెట్టారు. దొంతరలు తారుమారు చేసి మూడోసారి లెక్కపెట్టారు. అంకెలు కదలలేదు. తాను పక్కకి జరిపింది ఒక కాగితాన్ని కాదని అప్పటికి గాని గుమాస్తాకి తట్టలేదు.

ఎనభై నాలుగు ఫ్లాట్లున్న ఆ సముదాయానికి ఓనర్ల సంఘం ఉంది, సంఘానికి ఐదుగురు సభ్యుల బోర్డు ఉంది. ఈసారి నలుగురు పోటీ లేకుండా వచ్చారు. వాళ్ళలో ఇద్దరు గేటు కాపలా, లిఫ్టు, నీళ్ళు, మొక్కలు, ఆఫీసు పని అన్నీ కలిపి ఒక నిర్వహణ కంపెనీకి అప్పగించేద్దామనే రకం. ఇద్దరు ఉన్నవాళ్ళనే ఉంచుదామనే రకం. అయిదో కుర్చీ ఎవరిదైతే మాట వాళ్ళదే. ఆ కుర్చీకి నిలబడ్డది ఇద్దరు. మూడో అంతస్తులో ఉండే భవనాల కాంట్రాక్టరు కంపెనీ రావాలంటాడు. రెండో అంతస్తులో ఉండే రిటైరైన హెడ్‌నర్సు, అందరికీ నర్సమ్మ, ఏళ్ళ తరబడి పనిచేసిన మనుషుల్ని పంపేసి యూనిఫారాలు తెచ్చుకోవడం తనకి నచ్చదంటుంది.

కంపెనీ వస్తే దానికో ఆఫీసు కావాలి. పంపుగది వెనక గుమాస్తా కాపురముంటున్న రెండు గదులూ అందుకు సరిపోతాయని కాంట్రాక్టరు ఎన్నికలకి ముందే టేపు తెచ్చి కొలుచుకున్నాడు. ఆ పూట గుమాస్తా బయటికి వెళ్ళాడు. ఆయన భార్య, వచ్చింది ప్లంబరేమో అనుకుని, టేపు చివర పట్టుకోమంటే గోడకి ఆనించి పట్టుకుంది కూడా.

ఆమెకి చూపు లేదు. ఆరేళ్ళ క్రితం పక్కల నుంచి చీకటి మూసుకురావడం మొదలై, రెండేళ్ళుగా వెలుగు ఎటుందో తప్ప ఏమీ తెలియడం లేదు. కానీ ఆ రెండు గదుల్లో ఆమెని చూసినవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు. పొయ్యి దగ్గర నుంచి కుళాయికి రెండడుగులు, కుళాయి నుంచి గుమ్మానికి ఐదు, గుమ్మం దాటి గోడ పట్టుకుని పదకొండు వేస్తే సిమెంటు బెంచీ. పొద్దున్నే పాలు తనే కాస్తుంది. ఆయన చొక్కాలు తనే ఇస్త్రీ చేస్తుంది. సాయంత్రం బెంచీ మీద కూర్చుని నలుగురు ఆడవాళ్ళతో లోకం మంచీచెడ్డా మాట్లాడుతుంది. కంటి డాక్టరు ఒక్కటే చెప్పాడు. తెలిసిన ఇల్లే ఆమెకి మిగిలిన చూపు, దాన్ని మార్చకండి అని. గుమాస్తా దృష్టిలో ఆ ఎన్నికలో నిలబడ్డది నర్సమ్మా కాదు, కాంట్రాక్టరూ కాదు. ఆ రెండు గదులు.

ఆయనకి అరవై దాటి ఏడాది. మీసం వచ్చినప్పటి నుంచి ఒక లాయరు దగ్గర టైపిస్టు. పేజీలో ఒక్క అక్షరం తప్పు దొర్లినా లాయరు కాగితం అడ్డంగా చింపి మళ్ళీ కొట్టమనేవాడు. అలా ఇరవై ఏళ్ళు చింపించుకున్నాక తప్పు దొర్లడం మానేసింది. లాయరు పోయాడు, టైపు మిషన్లూ పోయాయి. ఆయన ఈ సంఘంలో గుమాస్తాగా చేరి పంతొమ్మిదేళ్ళు. నోటీసులు, మినిట్స్ పుస్తకం, ఎన్నికలు, అన్నీ ఆయన చేతి మీదుగానే. చేరిన కొత్తలో సంఘం అధ్యక్షుడి భార్య బాల్కనీ రెయిలింగు మీద దుప్పట్లు ఆరేస్తే, అధ్యక్షుడి పేరనే నోటీసు కొట్టి, దాని మీద అధ్యక్షుడి చేతే సంతకం పెట్టించాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు రూళ్ళకర్ర. వెనక అనుకున్న పేరు నాలుగేళ్ళకి ముందుకొచ్చి "రూళ్ళకర్ర గారు" అయింది. ఆయనా కాదనలేదు. లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఇంతకీ ఓట్లు సమానం. హాలులో ప్లాస్టిక్ కుర్చీల మీద యాభై మందికి పైగా ఉన్నారు. అందరికీ ఇంటికి వెళ్ళాలనే ఉంది, అందరి దగ్గరా ఒక సలహా ఉంది. బొమ్మా బొరుసూ వేసేయమన్నాడు ఒకాయన. వయసులో పెద్దవాళ్ళకి ఇచ్చేద్దామన్నారు ఒకావిడ. ఇద్దరికీ చెరో ఏడాది అని మరొకరు. ఆ మాట కాంట్రాక్టరుకి నచ్చింది.

"మొదటి ఏడాది నేను చేస్తాను, రెండో ఏడాది నర్సమ్మగారు. నాకేం అభ్యంతరం లేదు."

"మొదటి ఏడాది మీరు గోడ పడగొడితే రెండో ఏడాది నేను ఇటుకలు ఏరుకోనా?" అంది నర్సమ్మ కూర్చున్నచోటి నుంచే.

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లో ఎవరో, మనకెందుకు ఈ గోల, రూళ్ళకర్ర గారున్నారుగా, నిబంధన ఏమంటుందో చదవమనండి అన్నారు. యాభై తలలూ ఇటు తిరిగాయి.

నిబంధన ఏమంటుందో ఆయనకి కంఠతా వచ్చు. వచ్చింది ఒకటి కాదు, రెండు. నీలి అట్ట వేసి అచ్చు వేసిన పుస్తకంలో పదిహేడో నిబంధన, ఓట్లు సమానమైతే రెండు వారాల్లోగా తిరిగి ఓటింగు జరపాలంటుంది. ఏడేళ్ళ క్రితం ఒకసారి అలాగే జరిపారు. ఆ రెండు వారాల్లో ఎదురెదురు తలుపులవాళ్ళు మాటలు మానుకున్నారు, ఎవరి కారు టైర్లలోనో గాలి పోయింది, మెట్ల మీద ఇద్దరు మగవాళ్ళు చొక్కాలు పట్టుకున్నారు. ఇంకెప్పుడూ ఇది వద్దని సర్వసభ్య సమావేశం తీర్మానించింది. ఓట్లు సమానమైతే అక్కడికక్కడ రెండు చీటీలు రాసి, పోటీలో లేని ఒకరి చేత ఒకటి తీయించాలి. ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఉంది. నీలి పుస్తకం తిరిగి అచ్చు వేయించాల్సింది, కానీ పాతవి రెండు వందలు మిగిలున్నాయి, అవి అయ్యాక చూద్దామన్నారు. అవి ఇంకా అవలేదు. ఆ రోజు సమావేశంలో ఉన్నవాళ్ళలో సగం మంది ఫ్లాట్లు అమ్ముకుని వెళ్ళిపోయారు, మిగతా సగానికి నిన్న తిన్నదే గుర్తుండదు. మినిట్స్ పుస్తకం ఆయన బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి ఆయన జేబులో ఉంది.

చీటీ అంటే సగానికి సగం. భార్య ఉండే ఇంటిని గుప్పెట్లో వేసి కుదిపి ఎవరో ఒకరి చేత తీయించడం. తిరిగి ఓటింగంటే అలా కాదు. ఈసారి ఓటు వేయని పదమూడు ఇళ్ళలో నాలుగిళ్ళవాళ్ళు ఊళ్ళో లేరు. ఆ నలుగురూ ఉన్నవాళ్ళనే ఉంచాలనే మనుషులని ఆయనకి తెలుసు. పైగా సంతకం పెట్టిన ఆ ఓటు. ఈసారి సంతకం లేకుండా వేస్తే చాలు. లెక్క ఆయన కళ్ళ ముందు టైపు కొట్టినట్టు కనిపించింది.

ఆయన నీలి పుస్తకం తీసి, వేలితో గీత వెంట వెళుతూ పదిహేడో నిబంధన గట్టిగా చదివాడు. చదివినదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

పై రెండో ఆదివారానికి ఓటింగు పెట్టారు. కాంట్రాక్టరు మొహం చిన్నబోతుందని గుమాస్తా ఎదురుచూశాడు. అతను తలాడించి, ఫోనులో తారీఖు రాసుకుని, అందరికన్నా ముందు లేచి వెళ్ళిపోయాడు.

మంగళవారం పొద్దున్న గుమాస్తా మొదటి అంతస్తుకి వెళ్ళాడు. ఆ సంతకం రిజిస్ట్రారమ్మది. ఎనభై ఏళ్ళావిడ, దస్తావేజులు రిజిస్టరు చేసే ఆఫీసులో ముప్పై రెండేళ్ళు పనిచేసి దిగింది. పాలవాడి చీటీ మీద కూడా సంతకం లేనిదే లోపలికి రానివ్వదని పేరు. ఆ ఆదివారం లిఫ్టు బాగుచేస్తుండటంతో కిందికి దిగలేక కవరు పక్కింటావిడ చేత పంపింది. ఇప్పుడు తలుపు తీసి, "ఏం నాయనా, ఏమైనా నోటీసా?" అంది.

ఆయన కూర్చుని, నెమ్మదిగా, ఓటు కాగితం మీద సంతకం పెట్టకూడదమ్మా, పెడితే చెల్లదు అని చెప్పాడు.

"సంతకం లేని కాగితం చెల్లదని ముప్పై రెండేళ్ళు జనాన్ని వెనక్కి పంపాను. నువ్వు సంతకం ఉంటే చెల్లదంటావేమిటి?"

"ఓటు రహస్యం కదమ్మా."

"ఎవడిక్కావాలి రహస్యం? ఎవరికి వేశావని అడిగితే వీధి గుమ్మంలో నిలబడి చెప్తాను." ఆవిడకి అప్పుడు తట్టింది. "చెల్లనిది ఒకటన్నారు. నాదేనన్నమాట."

ఆయన తల వంచుకున్నాడు. ఆవిడ కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడలేదు. ఒళ్ళో చీర మడత సర్దుకుంటూ, ఇంకేదో గుర్తు తెచ్చుకుంది.

"అయినా మళ్ళీ ఓటింగేమిటి? సమానమైతే చీటీలు వెయ్యాలని రాసుకున్నాం కదా. పుస్తకంలో నేనూ సంతకం పెట్టాను. నువ్వే గడి చూపించావు, ఇక్కడ పెట్టండమ్మా అని."

దొంగకి తేలు కుట్టినట్టయింది ఆయన పని. మరిచిపోయానని అనొచ్చు. ఇప్పుడే వెళ్ళి అందరికీ చెప్తానని అనొచ్చు. "పుస్తకం చూడాలమ్మా," అన్నాడు.

"చూసుకో. నేనెవరితోనూ అనను. ఎవరి దస్తావేజులో ఏముందో బయట చెప్పడం మా ఉద్యోగంలో లేదు." ఆవిడ గోడ పట్టుకుని లేచింది, ఆయన లేవాలని. "నా సంతకం ఉందని నా ఓటు తీసి పక్కన పెట్టావు. నా సంతకం ఉన్న తీర్మానాన్ని బీరువాలో పెట్టావు. ఇది ఏ నిబంధన నాయనా?"

ఆ పది రోజులూ కాంట్రాక్టరు ఖాళీగా లేడు. పై అంతస్తులో ఐదు ఫ్లాట్లకి రెండేళ్ళుగా కప్పు కారుతోంది. వానొస్తే వాళ్ళు మంచాలు జరుపుకుని కింద గిన్నెలు పెట్టుకుంటారు. సంఘానికి అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నారు, ఆ అర్జీలన్నీ తారీఖుల వారీగా గుమాస్తా ఫైలులో భద్రంగా ఉన్నాయి. కాంట్రాక్టరు బుధవారం నలుగురు మేస్త్రీల్ని తెచ్చి, తారు కాచి, డాబా మీద పగుళ్ళన్నీ పూడ్పించాడు. శనివారం వాన పడింది. ఒక్క చుక్క దిగలేదు. గెలిచాక చేస్తానంటే ఎవరైనా నవ్వేవాళ్ళు. గెలవకముందే చేసినవాడిని ఏమనాలో ఎవరికీ తోచలేదు.

నర్సమ్మ ఒక్క తలుపూ తట్టలేదు. గుమాస్తా వెళ్ళి, ఆ ఐదిళ్ళవాళ్ళతో ఒకసారి మాట్లాడమని మాటవరసగా అన్నట్టు అన్నాడు. "జ్వరమొచ్చిందంటే అర్ధరాత్రయినా వెళ్తాను అన్నయ్యగారూ. ఓటు కోసం వెళ్తే ఇకమీదట జ్వరానికి వెళ్ళినా ఓటుకే వచ్చిందనుకుంటారు," అంది ఆమె. తర్కానికి వంక పెట్టడానికి లేదు. ఊళ్ళో లేని నలుగురిలో ముగ్గురే తిరిగొచ్చారు. ఆ ముగ్గురిలో ఒకరిది పై అంతస్తు.

ఇంట్లో భార్య అడుగుతూనే ఉంది. ఏమనుకుంటున్నారు జనం, ఎలా ఉంటుంది అని. మనకేం భయం లేదన్నాడు ఆయన. అలా అన్న రోజున కంచం ముందు కూర్చుని సగం వదిలేసి లేచాడు. ఆమెకి కనిపించదు కదా అనుకున్నాడు. గిన్నె బరువు చూసుకుని, "ఒంట్లో బాగాలేదా?" అంది ఆమె.

రెండో ఆదివారం ఎనభై కవర్లు వచ్చాయి. మొదటిసారి రానివాళ్ళు కూడా, ఏదో జరుగుతోందట చూద్దామని దిగారు. రిజిస్ట్రారమ్మ లిఫ్టులో కిందికి వచ్చి, కవరు తన చేత్తోనే పెట్టెలో వేసి, ఇంటికి వెళ్ళకుండా గోడ పక్క కుర్చీలో కూర్చుంది.

లెక్క గంట లోపే తేలిపోయింది. కాంట్రాక్టరుకి నలభై ఒకటి, నర్సమ్మకి ముప్పై ఎనిమిది, చెల్లనిది ఒకటి. ఆ ఒక్కదాని మీద ఈసారి సంతకంతో పాటు తారీఖు కూడా ఉంది, ఫ్లాటు నంబరు కూడా ఉంది. పరిశీలకులిద్దరూ చూసి, పెద్దావిడ చాదస్తం అని నవ్వుకున్నారు. గుమాస్తా దాన్ని పక్కకి జరిపాడు. ఆయన తలెత్తినప్పుడు ఆవిడ ఆయన వైపే చూస్తోంది.

ఆ ఓటు కలిసినా ఒరిగేదేమీ లేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. మొదటి రోజు చీటీ వేసి ఉంటే సగం అవకాశం చేతిలో ఉండేది. దాన్ని మొత్తం చేసుకుందామని పోయి, ఉన్న సగమూ పోగొట్టుకున్నాడు. రెంటికీ చెడ్డ రేవడి అని పిల్లలకి కూడా తెలిసిన సామెత. అరవై దాటిన వయసులో దాని అర్థం నేర్చుకున్నాడు.

కానీ ఇంకో దారి ఉంది, అది సోమవారం తెల్లవారేసరికి తట్టింది. తీర్మానం ఇంకా అమలులోనే ఉంది. అది బయటపెడితే రెండో ఓటింగు చెల్లదు. మొదటి లెక్క నిలబడుతుంది, ముప్పై అయిదు, ముప్పై అయిదు. చీటీలు వెయ్యాల్సిందే. ఆయన మినిట్స్ పుస్తకం సంచిలో పెట్టుకుని రెండో అంతస్తుకి వెళ్ళాడు. ఓడిన అభ్యర్థి ఫిర్యాదు చేస్తే బోర్డు వినక తప్పదు.

నర్సమ్మ వంటగదిలో ఉంది. చేతులు తుడుచుకుని వచ్చి, ఆయన విప్పిన పేజీ మొత్తం చదివింది. తీర్మానం, తారీఖు, కింద ఇరవై రెండు సంతకాలు. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఇది మీకు ఆ రోజే తెలుసా?"

"తెలుసు."

"నేను గెలిచి ఉంటే ఈ పుస్తకం పట్టుకుని వచ్చేవారా?"

ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. టైపిస్టుగా ఉన్నప్పటి నుంచి సూటి ప్రశ్నకి సూటి జవాబు రాయడం అలవాటు. "వచ్చేవాణ్ణి కాదు," అన్నాడు.

ఆమె పుస్తకం మూసింది. కోపం లేదు. వార్డులో ఎన్నోసార్లు చెప్పిన మాటే మళ్ళీ చెప్పాల్సి వచ్చిన మనిషిలా ఉంది. "అన్నయ్యగారూ, ఇప్పుడు నేను ఫిర్యాదు చేస్తే ఏమంటారు? ఓడిపోయాక పుస్తకం దొరికిందంటారు. గుమాస్తా, నేను కలిసి ఆడిన నాటకమంటారు. అందులో సగం నిజం. చీటీలో నా పేరు వచ్చినా ఆ కుర్చీలో కూర్చుని నేను ఎవరికి నీతి చెప్పను?"

"నాకోసం కాదమ్మా. మీ వదిన కోసం."

"తెలుసు. అది తెలియకపోతే ఈ పుస్తకం నేనే పట్టుకెళ్ళి కాంట్రాక్టరు చేతికిచ్చేదాన్ని." గుమ్మం దాకా వచ్చింది. "మీరే చెప్పదలుచుకుంటే చెప్పండి. నేను అడ్డం రాను. నా పేరు మాత్రం వాడకండి."

ఆయనే చెప్పాల్సి వస్తే అది వేరు. మెట్ల మలుపు దగ్గర ఆగి ఆలోచించాడు. మొదటి ఆదివారం చెప్పి ఉంటే అది నిబంధన. ఇప్పుడు చెబితే ఇల్లు పోయినవాడి ఏడుపు. ఒకే పేజీ, ఒకే తీర్మానం, అవే ఇరవై రెండు సంతకాలు. పుస్తకం తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ మధ్యాహ్నమే అదే పుస్తకంలో, పదిహేడో నిబంధన ప్రకారం తిరిగి ఓటింగు జరిగినదని, అభ్యర్థులకు వచ్చిన ఓట్లు ఇవి అని రాశాడు. దస్తూరీ ఎప్పటిలాగే ఉంది.

కొత్త బోర్డు మొదటి సమావేశంలోనే ముగ్గురికి ఇద్దరుగా కంపెనీ విషయం తేలిపోయింది. గదులు ఖాళీ చేయడానికి రెండు నెలలు ఇచ్చారు. కాంట్రాక్టరు చెడ్డవాడేమీ కాదు. సామాను తీసుకెళ్ళడానికి తన లారీ ఒకటి పంపుతానన్నాడు. గుమాస్తాకి హాలులో వీడ్కోలు సభ పెట్టాలన్న ఆలోచన కూడా అతనిదే.

సభకి వచ్చినవాళ్ళు ఓటింగుకి వచ్చినంత మంది లేరు గాని, వచ్చినవాళ్ళందరూ ఏదో ఒకటి మాట్లాడారు. దుప్పట్ల నోటీసు కథ ముగ్గురు చెప్పారు, మూడు రకాలుగా. చివర కాంట్రాక్టరు లేచాడు.

"నేను ఓడిపోతే తనకి మంచిదని ఈయనకి తెలుసు. ఆ విషయం నాకూ తెలుసు. అయినా మొదటిసారి నర్సమ్మగారికి పడ్డ ఓటుని చెల్లదని పక్కన పెట్టింది ఈయనే అని పరిశీలకులు నాకు చెప్పారు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క నిబంధన తప్పలేదు. ఇలాంటి మనిషి కోసం మనం లేచి నిలబడాలి."

కుర్చీలు గరగరమని వెనక్కి జరిగాయి. అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు. నర్సమ్మ కూడా నిలబడింది, చేతులు మాత్రం కట్టుకుని ఉంది. గోడ పక్క కుర్చీలో రిజిస్ట్రారమ్మ లేవలేదు. మోకాళ్ళ నొప్పులు కాబోలని అందరూ అనుకున్నారు. గుమాస్తా రెండు చేతులూ జోడించి, ఎటు చూడాలో తెలియక ఓటు పెట్టె ఉండే బల్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. నాలుగు మాటలు మాట్లాడమన్నారు. తనకి మాట్లాడటం రాదన్నాడు. అదీ వినయమే అనుకున్నారు.

ఇంటికొచ్చి సభలో కప్పిన శాలువా మంచం మీద పెట్టాడు. చప్పట్లు తనకి ఇక్కడికి వినిపించాయని భార్య అంది. చాలాసేపు కొట్టారు కదూ అంది. ఆయన కూర్చుని అప్పుడు చెప్పాడు, సంతకం దగ్గర నుంచి. పుస్తకం, బీరువా, నీలి అట్ట, రిజిస్ట్రారమ్మ, నర్సమ్మ. ఆమె పొయ్యి ఆపేసి నిలబడి వింది.

"నీకోసమే చేశాను," అన్నాడు చివర.

"నన్నడిగారా?"

"అడిగితే నువ్వు..."

"నన్నడిగితే చీటీలే వెయ్యమనేదాన్ని." ఆమె గొంతు పెరగలేదు. "సగానికి సగం, అంతేగా? నా కళ్ళకి డాక్టరు ఆ మాత్రం ఆశ కూడా ఇవ్వలేదు. అయినా ఆపరేషను బల్ల ఎక్కానా లేదా? పోతే పోయిందని ఒప్పుకున్నానా లేదా? ఇది అలా పోలేదు. మీరు పోగొట్టారు. దాని మీద నా పేరు రాయకండి."

ఆమె జవాబు కోసం ఆగలేదు. కంపెనీవాళ్ళు ఒకటో తారీఖున వస్తారు, వెళ్ళాల్సిన ఇల్లు ఇక్కడికి నాలుగు వీధుల అవతల, మేడ మీద, పంతొమ్మిది మెట్లెక్కాలి. ఆ వివరాలు ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకుంది. తర్వాత అటక మీది సామాను దించమంది. అట్టపెట్టె ముందు పెట్టుకుని నేల మీద కూర్చుని, ఒక్కొక్కటీ ఏమిటో చెప్పి తన చేతికివ్వమంది.

ఆయన స్టూలెక్కి ఇత్తడి గిన్నె దించి, గిన్నె అన్నాడు. ఆమె అందుకుని, అంచు చుట్టూ వేళ్ళు తిప్పి, అడుగు తడిమి, అప్పుడు పెట్టెలో పెట్టింది. జల్లెడ అన్నాడు. దాన్నీ తడిమింది. చూపు తగ్గుతూ వచ్చిన ఈ ఆరేళ్ళలో పిడి ఇటుందని ఆయన అంటే చాలు, ఆమె కత్తి కూడా అందుకుంది, ఒక్కసారీ సరిచూసుకోలేదు. గ్లాసు అన్నాడు. ఆమె వేళ్ళు గ్లాసు అంచు మీద ఒక చుట్టు పూర్తిగా తిరిగి ఆగాయి. ఇంకోటి ఇవ్వండి అంది.